పదికి రెండు మార్కులు

"సెక్రటరీ పని ఆడవాళ్ళ చేతిలో ఉంటేనే కాగితాలు చెదరవు," అన్నాడు కత్వేసిగె మొదటిరోజే. బడి సెలవుల్లో డిగ్రీ చదవడానికి వచ్చిన టీచర్లని ఐదుగురేసి జట్లుగా విడదీశారు. హెడ్మాస్టరు కాబట్టి ఆయన ఛైర్మన్ అయ్యాడు, ఒక్కతే ఆడది కాబట్టి క్యారిసీమా సెక్రటరీ అయింది. భర్త తుమురంజెదీ అదే జట్టు. "మా బిడ్డ అతూహా వాళ్ళమ్మ టైపు బాగా చేస్తుంది సార్, తనకే ఇచ్చెయ్యండి," అని నవ్వుతూ ఆమె తరఫున ఒప్పేసుకున్నాడు. ఆమె నోటితో ఎవరికీ పని పడలేదు.

సంత రోజున పిల్లలు బడికి ఎందుకు రారన్నది వాళ్ళ ప్రాజెక్టు. ఇబాండా ఊరి చుట్టూ ఆరు బళ్ళు తిరగాలి. ఛైర్మన్‌కి మోకాళ్ళ నొప్పులు, ఒకాయనకి అరటితోట, ఇంకొకాయనకి చర్చి కమిటీ, తుమురంజెకి ఫుట్‌బాల్. ఆరూ క్యారిసీమాయే తిరిగింది. హాజరు పట్టీలు చూసింది, సంతలో తల్లుల పక్కన కూర్చుని మాట్లాడింది. తెల్లవారుజామున అరటికాయలు చెక్కి, ఆకుల్లో చుట్టి పొయ్యిమీద పెట్టి, అవి ఉడికేలోగా పేజీలు నింపింది. ఇంటి చాకిరీ ఎవరి లెక్కలోకీ రాదని ఆమెకి ఎప్పుడో తెలుసు. కానీ ఇది చదువు కదా, ఇక్కడైనా ఎవరు చేసింది వాళ్ళదే అవుతుందని ఒక పిచ్చి నమ్మకం. ఆ పేజీలు తుమురంజె పట్టుకెళ్ళి జట్టు ముందు చదివేవాడు. "నలుగురిలో నువ్వు తడబడతావు, నేను చదువుతాలే," అనేవాడు. నిజమే కాబోలనుకునేది.

చివరి శనివారం, ప్రాజెక్టులకి మార్కులు వేసే డాక్టర్ కెమిరెంబె మేడమ్ ఆమెని ఒక్కదాన్నే గదికి పిలిచింది. జట్టులో ఎవరికి వాళ్ళు తక్కిన నలుగురికీ పదికి మార్కులు వేసి, కారణం ఒక్క ముక్కలో రాసి, కవరు అంటించి ఇవ్వాలన్నది అక్కడి పద్ధతి. సగటు ఐదుకి తగ్గితే పేపరు పోయినట్టే, మళ్ళీ ఏడాది. ఆమెకి హెడ్మిస్ట్రెస్ ఉద్యోగం రావాలంటే డిగ్రీ ఈ ఏడే చేతికందాలి.

"నీ సగటు రెండున్నరమ్మా," అంది మేడమ్, చీటీలు బల్లమీద పరుస్తూ.

మూడింటిలో ఒకటే మాట, 'టైపు చేసింది' అని. నాలుగో చీటీ దస్తూరీ ఆమె ఎరిగిందే. 'పదికి రెండు. నా భార్య. రిపోర్టు నేను రాస్తుంటే సాయపడింది.'

క్యారిసీమా రెండోసారి చదివింది, అక్షరాలేమీ మారలేదు. తొమ్మిదేళ్ళ కాపురం. చీటీలు రాసిన రోజు పొద్దున ఆమె ఇస్త్రీ చేసిన చొక్కానే తొడుక్కుని వచ్చి, ఆమెకి రెండు వరసల వెనక కూర్చుని, ఈ ముక్క రాశాడా? కోపం రావాలి, రావడం లేదు. నమ్మలేకపోవడమొక్కటే మిగిలింది.

"అంతా నేనే రాశాను మేడమ్."

"నాకూ అనుమానం వచ్చే పిలిచాను. మరి దీన్నేం చెయ్యమంటావు?"

మేడమ్ ముందుకు తోసిన చీటీ క్యారిసీమాదే. తుమురంజెకి పదికి పది. 'సర్వే, లెక్కలు, రాత, అన్నీ ఆయనే చేశారు.'

కట్టుకున్నవాడికి మార్కులు తగ్గించిందని బయటికి పొక్కితే అత్తగారు ఊరంతా చాటుతుందని ఆరోజు భయపడింది. పది వేసింది. కారణం తోచక, తను చేసిన పనంతా ఆయన పేరున రాసేసింది. ఆయన అబద్ధానికి సాక్షి సంతకం ఆమెదే. మొగుడి చీటీ కంటే ఇదే ఆమెని ఎక్కువ కుదిపేసింది.

"ఇది తప్పని నువ్వు రాసిస్తే నీ పేపరు నిలుస్తుంది, ఆయనకి పోతుంది," అంది మేడమ్. "తప్పుడు చీటీ ఇచ్చినందుకు నీకూ హెచ్చరిక వస్తుంది, అది నీ ఫైల్లోనే ఉండిపోతుంది. ఇంటికెళ్ళి ఆలోచించుకో."

ఇంటికెళ్తే ఆలోచించనివ్వరని క్యారిసీమాకి తెలుసు.

"కాగితం ఇప్పించండి," అంది. మూడు వాక్యాలు రాసి, సంతకం పెట్టి లేచింది.

వరండాలో తుమురంజె విసుగ్గా నిలబడి ఉన్నాడు. "ఏంటంట ఇంతసేపు? పద, భోజనానికి అందరూ నీకోసమే ఆగారు."

"మీరు లోపలికెళ్ళండి," అందామె. "ఆ రిపోర్టు మీరెలా రాశారో చెప్పాలట."