వాల్టర్ డుడెక్ మంచి పేరు

"అలా కాదు, అలా కాదు," అంటూ వాల్టర్ పెళ్ళాం చేతిలోంచి కలం లాక్కున్నాడు.

పొయ్యి మీద బంగాళదుంపలు ఉడుకుతున్నాయి. యాజా ఒక కన్ను అటు వేసి, ఒక కన్ను ఇటు వేసి కూర్చుంది. బ్రాన్‌స్టెటర్ స్టోరు నుంచి ఆ పొద్దున్నే కవర్లో వచ్చిన అరువు కార్డు వెనక, సంతకం గీత మీద, పాపం ఆమె తన పేరు రాయబోయింది: హ్యాటీ డుడెక్. ఇంట్లో యాజా, బయటి కాగితాల మీద హ్యాటీ. "నీ పేరు ఎవడిక్కావాలి? ముందు వైపు ఏం అచ్చేశారో చూడు. మిసెస్ వాల్టర్ డుడెక్. అదీ రాయాల్సింది. ఈ పేపరు అంచు మీద పదిసార్లు రాసి చూపించు, అప్పుడు కార్డు మీద రాద్దువుగాని." ముప్పై ఏళ్ళ మనిషి, ఇద్దరు ఆడపిల్లల తల్లి, గాజు ఫ్యాక్టరీలో రోజంతా గ్లాసుల్ని వెలుతురుకి పట్టి చూసి బుడగలున్నవి ఏరి పారేసే మనిషి, బడిపిల్లలా పదిసార్లు రాసింది. ఈలోపు దుంపలు అడుగంటాయి. అందుక్కూడా మాట పడింది.

అమెరికాలో, టొలీడో ఊళ్ళో, ఆ పోలిష్ వాళ్ళ వీధి మొత్తానికి అదే మొదటి కార్డు, పంతొమ్మిది వందల అరవైలో. వాల్టర్ దాన్ని బల్ల మీద పెట్టి, వేలితో తడుతూ పాఠం చెప్పాడు. "ఇది డబ్బు కాదు, తెలిసిందా? ఇది నా మాట. నా మాట పట్టుకెళ్ళి కొట్లో చూపిస్తే వాళ్ళు సామాను ఇస్తారు. నెల తిరిగాక కాగితం వస్తుంది. వచ్చిన పది రోజుల్లో మొత్తం కట్టెయ్యాలి. సగం ఇప్పుడు, సగం తర్వాత అంటే కుదరదు. ఒక్క సెంటు మిగిలినా కార్డు లాగేసుకుంటారు, నా పరువు పోతుంది. సరిగ్గా కడితే అక్కడ ఫైల్లో మంచి పేరు రాసుకుంటారు." యాజాకి నిజానికి భయమేసింది. మాటిచ్చి సామాను తెచ్చుకోవడం ఏమిటో, ఆ మాట ఒకరిదీ మోసేది ఇంకొకరూ కావడం ఏమిటో.

మొదటిసారి వాల్టర్‌కి మేజోళ్ళు కొంది. కౌంటరు అమ్మాయి కార్డుని మిషన్లో పెట్టి నొక్కి, రసీదు మీద సంతకం పెట్టించుకుని, పొట్లం చేతికిచ్చింది. యాజా అక్కడే నిలబడింది. ఇంకా ఏమన్నా కావాలా అండీ అంటే తల అడ్డంగా ఊపింది. డబ్బు ఇవ్వకుండా గుమ్మం దాటితే దొంగతనంలా అనిపించి, ఆ రాత్రి నిద్ర పట్టక, మర్నాడు బస్సెక్కి వెళ్ళి మేజోళ్ళ డబ్బు చేతిలో పెట్టబోయింది. కౌంటరు అమ్మాయిలు ముగ్గురూ నవ్వారు. వాళ్ళ నవ్వు ఆ పూటతో అయిపోయింది. వాల్టర్ మాత్రం దాన్ని పదమూడేళ్ళు ఈస్టర్ బల్ల దగ్గర, సాసేజీలు కోసేముందు, ఆనవాయితీగా వడ్డించాడు. "మా ఆవిడకి లెక్క తెలీదు కానీ నిజాయితీ ఎక్కువ. ఒకే మేజోళ్ళకి రెండుసార్లు కట్టబోయింది!" అందరూ నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే, నీకు హాస్యం తెలీదని మళ్ళీ ఇంకో మాట.

కానీ కార్డు సంగతి ఆమెకి త్వరలోనే వంటబట్టింది. ఎంతగా అంటే, దాని బరువంతా ఎప్పుడు తన మీదకి జారిందో కూడా గమనించలేదు. వాల్టర్ జీతం ఇంటి కిస్తీకి, కారుకి, శుక్రవారం బారుకి. ఆమె జీతం 'చిల్లర'. అత్తగారు బతికున్నన్నాళ్ళూ అంటుండేది: "మగాడి జీతం గోడ, ఆడదాని జీతం గోడకి సున్నం." ఆ సున్నంతోనే పిల్లల బూట్లు, పడక దుప్పట్లు, వాల్టర్ చొక్కాలు, అత్తగారి కళ్ళజోడు వచ్చాయి. ప్రతి నెలా ఫ్యాక్టరీ నుంచి నేరుగా బస్సెక్కి, బ్రాన్‌స్టెటర్ రెండో అంతస్తులో కిటికీ దగ్గర వరసలో నిలబడి, జీతం కవరు విప్పి మొత్తం కట్టేది. వానైనా మంచైనా ఒక్క రోజు ఆలస్యం చెయ్యలేదు. చిన్నమ్మాయి పుట్టినప్పుడు పచ్చి ఒంటితో వెళ్ళింది... కాదు, అప్పటికి కార్డు లేదు; చిన్నమ్మాయికి టాన్సిల్స్ కోసినప్పుడు, ఆసుపత్రి నుంచే వెళ్ళింది. రసీదులన్నీ బిస్కెట్ల డబ్బాలో దాచింది. ఎక్కడో ఒక ఫైల్లో, ఎవరో గుమాస్తా, నెలనెలా తన గురించి ఒక మంచి మాట రాస్తున్నాడని ఆమె నమ్మకం. ఇంట్లో ఎవరూ అనని మాట. బాగుంది, మళ్ళీ కట్టింది, అని. నవ్వితే నవ్వండి గానీ, ఆ నమ్మకం మీద ఆమె కొన్ని నెలలు అచ్చంగా బతికింది.

వాల్టర్ ఎనిమిది నెలలు మంచం పట్టి, డెబ్బై మూడు జనవరిలో పోయాడు. ఆ ఎనిమిది నెలలూ ఎత్తి కూర్చోబెట్టింది, కడిగింది, తుడిచింది. చివరికి చిక్కిపోయి పాత సూటు ఒంటి మీద నిలవకపోతే, శవపేటికలో పడుకోబెట్టడానికి కార్డు మీదే కొత్త సూటు కొంది, నీలం రంగుది, మంచిది. పరుపు మాత్రం పనికిరాకుండా పోయింది. ఎన్నిసార్లు రుద్దినా వాసన వదల్లేదు. చెత్తబండికి ఇచ్చేసి, ఆరు వారాలుగా ముందుగదిలో సోఫా మీద కాళ్ళు ముడుచుకుని పడుకుంటోంది. నడుం విరిగిపోతోంది. ఆడపిల్లలిద్దరూ ఎప్పుడో పడకలతో సహా అత్తారిళ్ళకి వెళ్ళిపోయారు. ఒంటరి మనిషికి సరిపోయే చిన్న పరుపు, గట్టిది, ఎవరి ఒళ్ళూ తగలనిది ఒకటి కావాలి. పుట్టి బుద్ధెరిగాక తనకోసం తను కోరుకున్న మొదటి వస్తువు అదే కావచ్చు.

మార్చి మొదటి బుధవారం, సూటు డబ్బు సంచిలో పెట్టుకుని బ్రాన్‌స్టెటర్‌కి వెళ్ళింది. ముందు పరుపు ఎంచుకుందాం, తర్వాత పైకెళ్ళి కడదాం అనుకుంది. పరుపుల దగ్గర ఎప్పటినుంచో తెలిసిన మిస్ హోబర్ట్ ఎదురొచ్చింది. "చిన్న పరుపా? మరి అయ్యగారికి?" అంది నవ్వుతూ.

"ఆయన పోయారండీ. జనవరిలో."

నిజమే చెప్పింది. చెప్పక ఏం చేస్తుంది? మిస్ హోబర్ట్ చెయ్యి పట్టుకుంది, అయ్యో అంది, కళ్ళు తుడుచుకుంది. ఆ తడి చేత్తోనే ఫోనెత్తి పైకి చెప్పింది. పది నిమిషాల్లో యాజా మూడో అంతస్తులో, ఖాతాల గదిలో, ఫెంటన్ అనే సన్నపాటి పెద్దమనిషి ముందు కూర్చుని ఉంది.

ఆయన ఫైలు తెరిచాడు. ఆ ఫైలే! యాజా కుర్చీలో ముందుకి జరిగింది. పదమూడేళ్ళు మనసులో చూసుకున్న వస్తువు.

"పదమూడేళ్ళు, ఒక్క రోజు ఆలస్యం లేదు," అన్నాడు ఫెంటన్ మెచ్చుకోలుగా. "ఇలాంటి ఖాతాదారులు అరుదమ్మా. మీవారు చాలా గొప్ప మనిషి."

"కట్టింది నేనండీ."

"అవునవును, మీరు తెచ్చిచ్చేవారు."

"తెచ్చివ్వడం కాదండీ. నా జీతం. నా దగ్గర రసీదులున్నాయి, అన్నీ."

ఆయన ఓపికగా నవ్వాడు. "రసీదుల మీద ఎవరి పేరుందో చూశారా ఎప్పుడన్నా? మిస్టర్ వాల్టర్ డుడెక్ గారి నుంచి ముట్టినది, అని ఉంటుంది. ఖాతా ఆయనది. ఆయన లేరు కాబట్టి ఖాతా లేదు. దయచేసి ఆ కార్డు ఇలా ఇవ్వండి."

"మరి నా పేరు మీద..."

"హ్యాటీ డుడెక్ అనే మనిషి మా దగ్గర ఎక్కడా లేదమ్మా. మంచీ లేదు, చెడూ లేదు. లేని మనిషికి ఎలా ఇస్తాం? ఎవరన్నా మగవాళ్ళు పూచీ ఉంటే చూడొచ్చు. మరుదులున్నారా?"

"ఉన్నాడు, స్టాన్. కానీ అతని కారు బ్యాంకువాళ్ళు రెండుసార్లు లాక్కెళ్ళారండీ."

"ఉద్యోగం ఉందా?"

"ఉంది."

"అయితే చాలు," అన్నాడు ఫెంటన్. కార్డు సొరుగులో వేసుకుని మూశాడు.

యాజా మెట్లు దిగింది. రెండో అంతస్తులో డబ్బు కట్టే కిటికీ ముందు నుంచే దిగింది. సంచిలో డబ్బుంది, కిటికీ తెరిచే ఉంది, ఆమెకి ఆ ఊహే రాలేదు. బస్సులో కూర్చున్నాక గుర్తొచ్చింది, పదమూడేళ్ళలో మొదటిసారి కట్టకుండా వచ్చానని. ఇన్నేళ్ళూ చిల్లుకుండలో నీళ్ళు పోశానన్న ఆలోచన అప్పుడే వచ్చింది. కాదు, కుండకి చిల్లు లేదు, నిండింది కూడా, పక్కింటి కుండ అంతే. ఏడుపు వస్తుందేమో అని చూసింది. రాలేదు.

ఈస్టర్ ముందు ఉపవాసాల రోజులు. శుక్రవారం చర్చి కింది గదిలో చేపల భోజనం, దానికి పియెరోగీలు చెయ్యడానికి ఆడవాళ్ళందరూ మధ్యాహ్నమే చేరారు. పిండి ఒత్తి, దుంపలూ జున్నూ పెట్టి, కజ్జికాయల్లా అంచులు నొక్కుతూ యాజా మెల్లగా సంగతి చెప్పింది. ఒత్తే కర్రలు ఆగిపోయాయి.

"చెప్పావా?" అంది పెలాజియా పిన్ని. ఆవిడకి డెబ్బై దాటాయి. "ఆయన పోయాడని నీ నోటితో నువ్వే చెప్పావా? ఓసి పిచ్చిమొహమా! ఎవరన్నా చెప్తారుటే?"

"చెప్పకపోతే ఎలా పిన్నీ?"

"ఎలా ఏమిటే? మా ఆయన పోయి పదకొండేళ్ళు. మొన్న క్రిస్మస్‌కి నాకు కోటు కొనిపెట్టాడు. బతికున్నప్పుడు రుమాలు కొన్న పాపాన పోలేదు!"

అందరూ గొల్లుమన్నారు. లోటీ పిండి చేతులు తుడుచుకుని సంచిలోంచి కార్డు తీసింది. మిసెస్ కాజిమీర్ వోయ్‌తాస్. కాజిమీర్ ఇనుము కరిగించే ఫౌండ్రీలో కాలిపోయి తొమ్మిదేళ్ళు. ఇంకొకావిడా తీసింది, ఇంకొకావిడా. పిండి చల్లిన బల్ల మీద వరసగా పోయిన మగాళ్ళ పేర్లు, సమాధి పలకల్లా. అందరూ నెలనెలా మొత్తం కడుతున్నారు, అందరికీ మంచి పేరుంది. "వాళ్ళని చావనివ్వకూడదే అమ్మాయ్, అదీ కిటుకు," అంది పెలాజియా పిన్ని, నవ్వు ఆపుకుంటూ. "పెళ్ళికి ముందు మా అమ్మ నాకీ ఒక్క ముక్క చెప్పలేదు, నేనూ నీకు చెప్పలేదు. తప్పు నాదే."

యాజా కూడా నవ్వింది. నవ్వుతుంటేనే లోపల ఏదో కూలిపోయింది. వీళ్ళలో ఒక్కరి పేరు కూడా ఆ బల్ల మీద లేదు. గదినిండా బతికున్న ఆడవాళ్ళు, చేతులు మోచేతుల దాకా పిండిలో, నలభయ్యేసి ఏళ్ళు పని చేసిన చేతులు, కొట్లోకి వెళ్ళాలంటే శవాన్ని ముందు నడిపించుకుని వెళ్ళాలి. తను ఆ శవాన్ని కూడా పోగొట్టుకుంది. నిజం చెప్పి.

సాయంత్రం చేపల కోసం వరసలో స్టాన్ వచ్చాడు. వడ్డించే కిటికీకి ఇటు ఆమె, అటు అతను. మరో దారి లేక అడిగింది. స్టాన్ పళ్ళెం నింపించుకునేదాకా ఆగి, వెనక నిలబడ్డవాళ్ళకి కూడా వినపడేలా అన్నాడు.

"పూచీయా? ఒకే మేజోళ్ళకి రెండుసార్లు కట్టే వదినకి పూచీ ఉండకపోతే ఎవరికుంటా! సరే, సంతకం పెడతాలే. కానీ కార్డు నా దగ్గరే ఉంటుంది. నీకేమన్నా కావాలంటే వచ్చి అడుగు వదినా, మొహమాటపడకు."

వెనకవాళ్ళు నవ్వారు. యాజా అతని పళ్ళెంలో ఇంకో చేపముక్క వేసింది. చేతికి అలవాటు.

మర్నాడు పొద్దున్న బ్రాన్‌స్టెటర్ నుంచి కవరు వచ్చింది. సోఫా మీద దుప్పటి మడిచి, నడుం నొక్కుకుంటూ కూర్చుని విప్పింది. 'మిస్టర్ వాల్టర్ డుడెక్ గారికి. అయ్యా, మీ ఖాతా మూసివేయడమైనది. జనవరిలో మీరు కొనుగోలు చేసిన సూటు తాలూకు మొత్తం ఇంకా ముట్టలేదు. ఇన్నేళ్ళ మీ మంచి పేరు దృష్ట్యా వెంటనే చెల్లించగలరని ఆశిస్తున్నాము.'

రెండుసార్లు చదివింది. పోయాడని ఖాతా మూసినవాళ్ళు, పోయినాయనకే ఉత్తరం రాశారు. తనకి రాయలేదు. తను లేదు కదా. ముందు అలవాటు కొద్దీ లేచి సంచి తీసింది. డబ్బు అలాగే ఉంది. బస్సు పదింటికి. కోటు ఒక చెయ్యి తొడిగింది కూడా. అలాగే సగం కోటుతో నిలబడిపోయింది.

కట్టకపోతే ఏమవుతుంది? పదమూడేళ్ళ క్రితం వంటింట్లో వేలితో తడుతూ చెప్పిన పాఠం మొదటి నుంచి చివరిదాకా గుర్తుచేసుకుంది. ఒక్క సెంటు మిగిలినా పరువు పోతుంది. ఎవరి పరువు? నా పరువు, అన్నాడు వాల్టర్. ఫైల్లో రాస్తారు. ఎవరి ఫైల్లో? కార్డు ఎలా పనిచేస్తుందో ఆమెకి ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. కూడబెట్టినప్పుడు తన పేరు లేదు. పోగొట్టేటప్పుడు మాత్రం ఎలా ఉంటుంది? అందులో సంతోషమేమీ లేదు. మళ్ళీ ముప్పయ్యో ఏడు నుంచి మొదలుపెట్టమన్నా మొదలుపెట్టే ఓపిక లేదు. సంచిలో ఉన్నది ఒక చిన్న పరుపుకి సరిపోతుంది, రొక్కం ఇస్తే పేరు అడగని కొట్లో. అంతే మిగిలింది.

ఉత్తరం మళ్ళీ కవర్లో పెట్టి, తిరిగి పోస్టులో వెయ్యడానికి అంటించింది. పై మూల, అచ్చేసిన కొట్టు పేరు కింద, పంపేవారి పేరు రాసే చోట, కలం 'మిసెస్' అని రాసేసి ఆగింది. తర్వాత ఏం రాయాలో చేతికి తోచలేదు. అది కొట్టేసింది. మిస్టర్ వాల్టర్ డుడెక్ అన్న పేరు మాత్రం అలాగే ఉంచి, దాని కింద తమ ఇంటి చిరునామా కొట్టేసి, స్పష్టంగా, బడిపిల్లలా గుండ్రంగా రాసింది:

'పోలిష్ స్మశానం, ఏడో వరస, పదకొండో సమాధి. సూటు ఆయన ఒంటి మీదే ఉంది.'