పద్నాలుగు నిండినాయి

హనుమంతునిపాడులో గురవయ్య తాత దుకాణం అరుగు ఎత్తుగా ఉండేది. చిన్నప్పుడు అలివేలమ్మ మునివేళ్ల మీద లేచి, గడ్డం అరుగుకు ఆనించి, "తాతా" అని పిలిచేది. లోపలి నుంచి బెల్లం వాసన, నశ్యం వాసన, కిరసనాయిలు వాసన అన్నీ కలిసి ముక్కుకు తగిలేవి. పెళ్లయి పుల్లలచెరువు తట్టు అత్తగారింటికి వచ్చాక కూడా ఎక్కడైనా ఆ వాసనలు కలిసి వస్తే ఆమె మడమలు వాటంతట అవే నేల వదిలేవి.

ఆ తాత పిల్లలకు ఇవ్వనిదంటూ లేదు. నాయనకు చుట్టలు, ముసలి జేజికి నశ్యం, పొయ్యికి అగ్గిపెట్టె, చివరికి ఎలుకల మందు కూడా పిల్లల చేతికే ఇచ్చేవాడు. కాకపోతే ముందు ఒక పరీక్ష పెట్టేవాడు. పొట్లం పావడా అంచులో పెట్టి ముడి వేయమనేవాడు. తర్వాత రెండు వేళ్లతో ఆ ముడి పట్టి లాగేవాడు. ఊడిపోతే, "ఇంకా ముదరలేదు గాని, పోయి మీ అన్నను పంపియ్ పో" అనేవాడు. ఊడకపోతే, "అబ్బో, పెద్దదానివయినావే" అని ఇంత బెల్లం ముక్క నోట్లో పెట్టేవాడు. ముడి నిలిచిన మొదటి రోజు ఆమె ఇంటిదాకా ఆగకుండా పరిగెత్తింది. ఆ బెల్లం నమలకుండా బుగ్గన పెట్టుకునే పోయింది, జేజికి చూపించాలని.

ఆ రోజులు తలుచుకుంటూ నిలబడింది అలివేలమ్మ, మార్కాపురం బజారులో, చలిజ్వరానికి వేసే కొయినా బిళ్లలు అమ్మే దుకాణం ముందు, వరసలో. సంకలో కొడుకు. వాడికి ఇంకా నడక రాలేదు. ఒళ్లు కాలిపోతోంది. ఇంకాసేపటికి చలి మొదలవుతుందని ఆమెకు తెలుసు. రోజు విడిచి రోజు పొద్దెక్కే వేళకు వస్తుంది ఆ చలి. వచ్చిందంటే పిల్లవాడి పెదవులు నేరేడుపండు రంగుకు తిరుగుతాయి.

యుద్ధం ముదిరిన కాలం అది. కొయినా ఎక్కడో సముద్రాల అవతల నుంచి రావాలట, ఓడలు రావడం లేదట. అడవి అంచు పల్లెల్లో మాత్రం చలిజ్వరానికి ఓడలతో పని లేకపోయింది. అత్త యల్లమ్మ మంచంలో మూలుగుతోంది. మొగుడు ఓబులేసు నల్లమలలో వెదురు కొట్టే పనికి పోయి ఇంకా తిరిగి రాలేదు. చింతపండు మూటలు వేసుకుని వస్తున్న బండిలో ఇంత చోటు అడిగి, పిల్లవాణ్ణి పైట కింద దాచుకుని, గాలి తగులుతుందేమో, దిష్టి తగులుతుందేమో, బండి కుదుపుకు మాడు అదురుతుందేమో అని దారి పొడుగునా భయపడుతూ వచ్చింది. ఈ పూట దొరక్కపోతే మళ్లీ సరుకు ఎప్పుడొస్తుందో దుకాణం వాళ్లకే తెలియదంటున్నారు.

దుకాణంలో కూర్చున్న గుమాస్తా పేరు ప్రకాశరావు. కళ్లద్దాలు, నూనె రాసి నున్నగా దువ్విన తల. ఆయన వెనక గోడకు ఒక అట్ట వేలాడుతోంది. పద్దెనిమిదేళ్లు నిండనివారికి కొయినా ఇవ్వబడదు, మనిషికి ఒక్క పొట్లమే అని దానిమీద రాసి ఉంది. పిల్లలను వరసగా పంపించి పొట్లాలు పోగుచేసి, చాటుగా అమ్ముకున్న వాళ్లు ఉన్నారట. పై అధికారి వచ్చి, ఈసారి పిల్లల చేతిలో పొట్లం కనబడితే లైసెన్సు ఊడబెరుకుతానని చెప్పి పోయినాడట.

"పొద్దున ఒకాయన తలగుడ్డ తీసి తెల్లెంటికలు చూపించినాక గాని ఇయ్యలేదు తల్లీ," అంది అలివేలమ్మ ముందున్న ముసలమ్మ కాశమ్మ. "పొట్టోడు పాపం. ఈ రావు ముందర పొట్టిగా పుట్టడం కూడా తప్పే."

"అవ్వా, వినబడతా ఉంది," అన్నాడు ప్రకాశరావు తల ఎత్తకుండా.

"వినబడాలనే గదా నాయనా అంటాండేది. నాకు నిండినాయా పద్దెనిమిది, నోరు తెరిచి పండ్లు జూపియ్యాల్నా?"

"నీకు పండ్లెక్కడున్నాయి అవ్వా చూడడానికి?"

వరసలో నలుగురూ నవ్వారు. కాశమ్మ కూడా నోరంతా తెరిచి నవ్వి, తన పొట్లం తీసుకుని పక్కకు జరిగింది. అలివేలమ్మ ముందుకు వచ్చింది. బెల్లం, కిరసనాయిలు కలిసిన వాసన ఒక్కసారిగా తగిలింది. ఆమె మడమలు లేచాయి.

"ఏం గావాలే పిల్లా?"

"కొయినా. పిల్లోడికి చలిజ్వరం."

"పెద్దోళ్లెవరూ రాలేదా?"

"ఇంట్లో మంచం పట్టినారయ్యా."

"నీకెన్నేండ్లు?"

"పద్నాలుగు నిండినాయి," అంది అలివేలమ్మ.

ఆ మాట తన నోటినుంచి ఎట్లా వచ్చిందో ఆమెకు ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

అది మేనత్త శ్యామలమ్మ నేర్పిన మాట. పెళ్లికి ముందు ఎండాకాలంలో, వసారాలో కూర్చోబెట్టి తలకు ఆముదం పట్టిస్తూ నేర్పింది. అలివేలమ్మ అప్పుడు నాలుగో తరగతి చదువుతోంది. తనకు ఎన్నేళ్లో తెలియదు. నాయన సుబ్బయ్యను అడిగితే, "మన ఎర్రావు రెండో ఈత ఈనిన ఏడు పుట్టినావమ్మా" అనేవాడు. ఆ లెక్క ఇంట్లో అందరికీ సరిపోయేది. కానీ పద్నాలుగు నిండని పిల్లకు పెళ్లి చేస్తే పట్టుకుపోయే చట్టం ఒకటి వచ్చిందని కరణం చెప్పిన తర్వాత నాయన ముఖం చిన్నబోయింది. అందుకని మేనత్త, జడ పాయ పాయకూ ఆపి, "ఎన్నేండ్లే?" అని అడిగేది. "తెలీదత్తా" అంటే నెత్తిన ఒక మొట్టికాయ. "పద్నాలుగు నిండినాయి" అంటే గుప్పెడు వేయించిన శెనగలు. అది ఆటలాగే ఉండేది. ఎక్కాలు అప్పజెప్పినట్టు అలివేలమ్మ పాట కట్టి చెప్పేది. వీధిలో తోటి పిల్లలకు కూడా నేర్పింది. శెనగలు ఒళ్లో పోసుకుని వసారా మెట్లమీద కూర్చుని తిన్న ఆ ఎండాకాలమంతటి సంబరం తర్వాత ఎప్పుడూ ఎరగదు ఆమె. ఆ మాట దేనికోసమో తెలిసేలోపల తాళి కట్టించుకుంది. బడికి పోవడం ఆగిపోయింది.

అప్పటి నుంచి ఎవరు వయసు అడిగినా నోటికి ఆ మాటే వస్తుంది. దాని వెనక ఎన్ని ఏళ్లు గడిచినా అది మాత్రం పెరగలేదు.

"పద్దెనిమిది నిండాల," అన్నాడు ప్రకాశరావు. "అట్ట చదవను వచ్చునా?"

"వచ్చు," అంది ఆమె. చదివింది కూడా. ఒత్తుల దగ్గర తడబడుతూ.

"బాగా చదివినావు. పోయి పిల్లోడి తల్లిని పిలుచుకరా."

"నేనే తల్లిని."

ప్రకాశరావు అప్పుడు తలెత్తి చూశాడు. కళ్లద్దాల వెనక ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"పద్నాలుగేండ్లకు తల్లివా? పెండ్లెప్పుడైంది నీకు? శారదా చట్టమని ఒకటుంది, విన్నావా? మీ నాయన పేరేంది?"

సుబ్బయ్య అనే పేరు ఆమె నాలుక చివరిదాకా వచ్చి అక్కడే ఆగింది. సంకెళ్లు పట్టుకుని ఎవరో హనుమంతునిపాడు పోతున్నట్టు, కొర్రచేలో గొర్రు తోలుతున్న నాయన చేయి అడ్డం పెట్టుకుని ఎండలో వాళ్లను చూస్తున్నట్టు కళ్లకు కట్టింది. నాయన ఎప్పుడూ ఎవరితోనూ ఒక మాట పడిన మనిషి కాదు.

"కాదయ్యా," అంది. "తప్పు చెప్పినా. నేను తల్లిని కాదు. వీడు నా తమ్ముడు."

ఆ మాట అంటూ ఉండగా పిల్లవాడు ఆమె పైట పట్టుకుని ఉన్నాడు.

"అట్ల చెప్పు మరి. తల్లిని పంపియ్. ఇగ జరుగు, వెనక జనం ఉన్నారు."

అలివేలమ్మ పక్కకు జరిగింది. కాశమ్మ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "నీ కొంప గూల, తల్లిని కాదంటివేందే?" అంది.

"నాయనను పట్టుకపోతారవ్వా."

"ఎవురు, ఈ రావా? ఈనె తన గొడుగు తాను పట్టుకోలేడు. నా పొట్లమన్నా ఇద్దునమ్మా. ఇంట్లో ముగ్గురు పడుండారు. నాకే చాలదు." అని, చెయ్యగలిగింది ఏమీ లేక పిల్లవాడి అరికాలు నిమిరింది. "అయ్యో, చల్లబడతాండాదే."

చలి మొదలైంది. పిల్లవాడి గడ్డం అదిరింది. ఏడవడానికి కూడా ఓపిక లేక సన్నగా మూలిగి, ముఖం ఆమె రొమ్ముకేసి తిప్పి, తలతో పొడుస్తూ వెతుక్కున్నాడు. ఆమె పైట సర్దింది. ఏం లాభం? వాడి మూలుగు వినగానే పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోయింది. తడి పైటకు కూడా అంటింది. ఇంతమంది మగవాళ్ల ముందు, తమ్ముడని చెప్పిన నోటితోనే ఇప్పుడు ఏం చెప్పాలో తెలియక ఆమె గోడవైపు తిరిగింది.

ఎవరికో పొట్లం ఇస్తున్న ప్రకాశరావు చెయ్యి కాసేపు ఆగింది. మళ్లీ కదిలింది. ఆయన ఆమెకేసి చూడలేదు. సామాన్ల వైపు చూస్తూ, "అవ్వా, ఆ శెనగచెక్క మూటల వెనక చోటుంది. గాలి కూడా తగలదు. ఆ పిల్లోణ్ణి తీసుకొని కూర్చోమను. తల్లి వచ్చేదాకా ఎండలో ఎందుకు?" అన్నాడు. తర్వాత ఒక పొట్లం తీసి తన మోకాలి కింద పెట్టుకున్నాడు.

అప్పుడే పొట్లం అందుకున్నవాడు ఊరుకోలేదు. "అదెవురికయ్యా దాచి పెడితివి? మేము మనుషులం గాదా?"

"ఆ పిల్లోడి తల్లికి. వస్తా ఉంది."

"యాడుంది?"

"దారిలో ఉంది. నీ పొట్లం నీకు ఇస్తిని గదా, నీకేల?"

మూటల వెనక అలివేలమ్మ గోడకు ఆనుకుని కూర్చుని పిల్లవాడికి పాలిచ్చింది. వాడు రెండు గుక్కలు తాగి వదిలేస్తున్నాడు. మళ్లీ పట్టుకుంటున్నాడు. చీకటిగా, చల్లగా ఉంది అక్కడ. బెల్లం వాసన. కళ్లు మూసుకుంటే హనుమంతునిపాడు వచ్చేస్తుందేమో అనిపించింది. ఎవరైనా వచ్చి, నువ్వింకా చిన్నపిల్లవే, ఇది నీ పని కాదు, పోయి పెద్దవాళ్లను పంపు అంటే ఎంత బాగుండును. ఎంత ఇష్టంగా పోయేది! నాయన వచ్చేవాడు, జేజి వచ్చేది. మందు వాళ్లు తెచ్చేవారు, తాను వసారాలో శెనగలు తింటూ కూర్చునేది. కానీ పిల్లవాడి పిడికిలి ఆమె వేలు చుట్టూ బిగుసుకుని ఉంది. ఇక పెద్దవాళ్లంటే వేరే ఎవరూ లేరని, వీడికి తానే అని, ఆ చీకట్లో మొదటిసారి నిలకడగా తోచింది. తోచి ఏడుపు వచ్చింది. కళ్లు తుడుచుకుని లేచింది.

వరస పలచబడింది. ఆమె వచ్చి దుకాణం ముందు నిలబడింది. ఈసారి మడమలు నేలమీద ఆనించి.

ప్రకాశరావు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "రాండమ్మా, ఏం గావాల?"

ఆ 'అమ్మా' అన్న పిలుపు తననేనా అని ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది. వెనక కాశమ్మ తప్ప ఎవరూ లేరు.

"కొయినా," అంది. "నా కొడుక్కు."

"ఇందాక ఒక పిల్ల వచ్చింది ఇదే పిల్లోణ్ణి ఎత్తుకొని. మీ వాళ్లేనా?"

అలివేలమ్మ పిల్లవాణ్ణి రెండో సంకకు మార్చుకుంది.

"ఆ పిల్ల ఎటో ఎల్లిపాయలే రావయ్యా," అంది కాశమ్మ. "తల్లొచ్చింది గదా, తెమల్చు."

"అడగాల్సింది అడగాల గదా అవ్వా. తమరికి పద్దెనిమిది నిండినాయా?"

ఈ జవాబు ఆమెకు ఎవరూ నేర్పలేదు. నిజమో కాదో ఎర్రావుకే తెలియాలి. పిల్లవాడి వణుకు తన ఒంట్లోకి పాకుతుంటే, "నిండినాయి," అంది గట్టిగా.

"నిండినట్టే ఉన్నాయి." ఆయన మోకాలి కింద నుంచి పొట్లం తీశాడు.

"మా నాయన పేరు చెప్పాల్నా అయ్యా?"

"నేనడగలేదే. ఇప్పుడొచ్చిన తల్లిని నేనేమీ అడగలేదు." అంటూనే వీధి రెండువైపులా ఒకసారి చూశాడు. ఆయన నుదుటిన చెమట పట్టి ఉంది. "బిళ్ల మొత్తం వెయ్యొద్దు. నాలుగు తునకలు చేసి ఒక్క తునక నూరి, తేనెలోనో పాలలోనో కలిపి పొయ్యి. మళ్లీ పొద్దు గూకినాక. కక్కితే కాసేపు ఆగి మళ్లా పొయ్యి, భయపడొద్దు."

"ఒక్క తునక," అని ఆమె అప్పజెప్పింది. "పొద్దు గూకినాక."

ఇంటిదాకా ఆగే ధైర్యం లేకపోయింది. ప్రకాశరావు ఇచ్చిన చిన్న గిన్నెలో తన పాలే పిండి, తునక నూరి కలిపింది. కాశమ్మ పిల్లవాడి చేతులు పట్టుకుంది. నాలుకకు చేదు తగలగానే వాడు ముఖమంతా ముడుచుకుని, సగం గడ్డం మీదికి ఉమ్మేశాడు. అలివేలమ్మ వేలితో తీసి మళ్లీ నోట్లో పెట్టింది. మళ్లీ ఉమ్మాడు. మళ్లీ పెట్టింది. "మింగు నాయనా, మా నాయన గదూ" అంటూ గొంతు నిమిరింది. చివరికి గుటక పడింది.

చింతపండు దించేసిన బండి ఊరికి తిరిగేటప్పటికి చలి తగ్గి మళ్లీ మంట ఎక్కింది. ఆమె దారి పొడుగునా వాడి నుదుటిమీద నుంచి చెయ్యి తియ్యలేదు. కొండల తట్టు పొద్దు వాలుతుండగా రెండో తునక పోసింది. చాలాసేపటికి అరచేతికి తడి తగిలింది. ముందు తన చెమటే అనుకుంది. చెయ్యి తుడుచుకుని మళ్లీ పెట్టి చూసింది. వాడి నుదురు, మెడ, వీపు అంతా చెమటలు కారుతున్నాయి.

గాలి తగలకుండా వాణ్ణి పైటలో చుట్టి, బండివానితో మెల్లిగా అంది.

"నిదానంగా తోలన్నా. పిల్లోడు నిద్రపోయినాడు."