నల్లగొండ వంతు

మనుషులు కట్టిన చెరువుకు ఒక ధర్మం ఉంటుంది. పానగల్ పెద్దచెరువు ఏ రాజు కాలంలోనో వేల చేతులు మట్టి మోసి నిలబెట్టిన నీరు. ఆ నీటి దయతో బతికిన పట్టణం మా నల్లగొండ. ఇప్పుడు నల్లా తిప్పి చెంబు నింపుకునేవారు ఈ మాట మరచిపోతున్నారు కనుక రాస్తున్నాను.

నందికొండ దగ్గర పెద్ద డ్యాము పనులు మొదలైన రోజులవి. అందరి చూపూ అటే ఉండేది. ఇక్కడ వానలు ముఖం చాటేసి, పట్టణంలో బావులు అడుగంటాయి. చెరువుకట్ట కింద ఒక బావి మాత్రం మిగిలింది. చెరువులో నీరున్నంత వరకే అందులో ఊట. అక్కడి నుండే ఎడ్లబండ్ల మీద పీపాలు మా సాలెవాడకు వచ్చేవి. తాగడానికీ, నూలుకు గంజి పెట్టడానికీ అవే నీళ్లు. తూము తెరిచి పొలాలకు వదిలితే బావి ఎండుతుంది. మూస్తే పైరు ఎండుతుంది.

ఆ యాసంగి పంటకు తూము నీటిలో ఆఖరి వంతు సైదమ్మది. భర్త పోయిన తరువాత చెరువు కింద రెండు మడులు ఒంటిచేత్తో సాగుచేసుకుంటున్న మనిషి. వరి పాలుపోసుకుంటున్నది. ఒక్క తడి అందితే గింజ, లేకుంటే తాలు.

ఆ వాడ బడిలో నేను పంతులమ్మను. వాడ పెద్ద గండయ్య నన్ను వెంటబెట్టుకొని, తాను నేసిన కొత్త చీరను పళ్లెంలో పెట్టుకొని పానగల్ ఊళ్లో ఆమె ఇంటికి వెళ్లాడు.

"చెల్లె, నీ వంతు జర ఇడిచిపెట్టు. మా పిల్లల గొంతులెండుతున్నయి."

సైదమ్మ చీరను చూసింది. ముట్టలేదు.

"గిది బిచ్చమా అన్నా, వంతా?"

"గదేంది?"

"బిచ్చమైతె చెంబెడు పోస్త, తాగి పోండ్రి. వంతైతె గంపలు పట్టుకొని రాండ్రి. కట్ట మీద మట్టి పోసినోళ్లకే చెరువుల వంతు. నల్లగొండోళ్లు ఎన్నడన్న ఒక్క గంప పోసిండ్రా?"

గండయ్య ముఖం చిన్నబోయింది. సికింద్రాబాదు కాన్వెంటులో సిస్టర్లు నాకు ప్రతి భోజనానికి ముందు దేవునికి వందనం చెప్పడం నేర్పారు. నీళ్లను నిలబెట్టిన చేతులకు వందనం ఎలా చెప్పాలో అక్కడ ఎవరూ నేర్పలేదు. సైదమ్మది న్యాయమైన మాట అనిపించింది.

"రేపు గంపలతోనే వస్తాం," అన్నాను.

మర్నాడు మగ్గాలు ఆపి వాడంతా కదిలింది. చెరువు ఎండిన అంచున మట్టి తవ్వి, కట్ట కోసుకుపోయిన చోట పోశాం. మా అవస్థ చూసి పానగల్ ఆడవాళ్లు పడి పడి నవ్వారు.

"అన్నా, గంప నెత్తిన పెట్టుకోవాలె," అంది సైదమ్మ. "సంకన ఎత్తుకున్నవు, లాలి పాడతవా?"

"మగ్గం గుంతల కూసున్న కాళ్లు చెల్లె," అన్నాడు గండయ్య రొప్పుతూ. "కట్టెక్కుమంటె అలిగినయి."

పొద్దు వాలేసరికి ఆ కోత పూడింది. తూము తెరిచి మూసే నీరటి మల్లప్ప కట్ట మీద నిలబడి అందరికీ వినిపించేలా చెప్పాడు: "ఇగ నల్లగొండకు వంతున్నది. సైదమ్మ ఎనుక."

అది సబబే. కానీ చెరువులో మిగిలిన నీరు అందరికీ కనిపిస్తూనే ఉంది. ఆమె రెండు మడులూ తడిస్తే బావికి ఊట ఉండదు. మరోమారు అడుగుదామా అని గండయ్య నా వైపు చూశాడు. వద్దన్నాను. వంతును ఒప్పుకున్నవాళ్లు వరుసనూ ఒప్పుకోవాలి.

తెల్లవారి మల్లప్ప తూము తెరిచాడు. కాలువ వెంట నీళ్లు పారి సైదమ్మ దగ్గరి మడి నిండింది. ఆమె పార భుజాన వేసుకొని కేక పెట్టింది.

"మల్లప్పా, మూసెయ్!"

"అవతలి మడి తడవలే గదనే!"

"నాకు కండ్లు లేవా? ఎనుక మందున్నరు. వరుసల ఎనుకున్నోళ్లకు అడుగునీళ్లన్న మిగలాలె."

తూము మూసుకుంది. గండయ్య తలపాగా విప్పి చేత పట్టుకున్నాడు.

దగ్గరి మడిలో ఆమెకు వడ్లు పండాయి. అవతలి మడిని పశువుల మేతకు కోసుకుంది. వానలు పడేదాకా మా వాడకు బండ్లు వస్తూనే ఉన్నాయి. ఏ ఇంటా కుండ బోర్లించలేదు.

తొలకరికి ముందు, ఎవరూ పిలవకుండానే, మా వాడ మళ్లీ పానగల్ బాట పట్టింది. ఈసారి కట్టకు కాదు. చెరువులో నీరింకిన మేర పేరుకున్న నల్లటి పూడికమట్టి తవ్వి సైదమ్మ అవతలి మడికి మోశాం. అంతకు మించిన ఎరువు లేదు. ముందు గండయ్య, నెత్తిన గంప నిటారుగా పెట్టుకొని. వెనుక మేము.

గట్టు మీద నిలబడి చూసి చూసి సైదమ్మ చివరికి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"చాలు అన్నా, చాలు! ఇంక పోస్తె వరి గాదు, మగ్గాలు మొలుస్తయి!"

"మొలవనీ చెల్లె," అన్నాడు గండయ్య గంప బోర్లిస్తూ. "కోతకు మేమే వస్తం."