ఒక కాలు గీత బయట

యానీనాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. తాను నిమ్మకాయల షెడ్డులో పనిలో ఉన్నప్పుడు, పిల్లని చూసుకునే ముసలామె, అందరూ గౌరవంగా దోన్యా అని పిలిచే ఎలీదా ప్రాణం పోతే, తన పది నెలల కూతురు మోరా పాక్కుంటూ వీధిలోకి పోతుంది. వీధి నిండా చెరకు లారీలు.

ఆ భయాన్ని పిల్లతో పాటు చంకనేసుకుని ఆ రోజూ తెల్లవారగానే ముసలామె ఇంటికొచ్చింది. ఎలీదా గుమ్మంలో పీట మీద కూర్చుని, గొట్టంతో మాతే ఆకు కషాయం పీలుస్తోంది. ఎప్పట్లాగే ఒక కాలు లోపల, ఒక కాలు బయట. రాత్రి తోటల్లో చెరకు ఆకు తగలబెట్టారు. ఆ నల్లటి నుసి ఆమె తెల్లజుట్టు మీద వాలి ఉంది. పొట్టి మనిషి. ఏళ్ల తరబడి వంగి హాకీ ఆడిన నడుము మళ్ళీ పూర్తిగా నిటారు కాలేదు. మణికట్లు మాత్రం ఇప్పటికీ మగవాడివంత.

పోయిన వారం ఒక సాయంత్రం యానీనా వచ్చేసరికి ఆమె గోడ పట్టుకుని నిలబడి ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. ఏం లేదే, ఊపిరి తిరగనీ అంది. ఆ రాత్రే యానీనా నిశ్చయించుకుంది, పిల్లని ఏటి అవతల ఆడబిడ్డ దగ్గర దింపాలని. ఆ మాట ఈ రోజు చెప్పెయ్యాలి. తీరా చూస్తే మోరా అప్పుడే రెండు చేతులూ చాచి ముసలామె మీదికి దూకింది.

"ఏంటే, నోట్లో నిమ్మకాయ కుక్కుకున్నట్టు నిలబడ్డావ్?"

"ఏం లేదు దోన్యా. సాయంత్రం చెప్తాలెండి."

"సాయంత్రం దాకా దాచుకునేది మంచిమాటైతే కాదు. పో, బస్సు పోతుంది."

షెడ్డులో నిమ్మకాయలు పసుపు వాగులా బెల్టు మీద పారుతుంటాయి. కుళ్ళిన కాయని మణికట్టుతో ఒక్క విసురు విసిరి పక్కకి తోసెయ్యాలి. ఆ విసురు నేర్పింది ఎలీదానే. చెయ్యి కాదే కదపాల్సింది, ఒళ్ళంతా కదలాలి అనేది. పక్కనున్న ఆడవాళ్ళు యానీనాని ఏడిపించడం మానలేదు. ఊపిరాడని ముసలమ్మా, కాలాగని పిల్లా, ఇద్దర్లో ఎవరికి ఎవరే కాపలా అని. అందరితో పాటు తనూ నవ్వింది.

ఎలీదా దేశం హాకీ జట్టులో ఎనిమిదేళ్ళు ఫార్వర్డ్‌గా ఆడిన మనిషంటే షెడ్డులో సగం మంది నమ్మరు. అప్పట్లో ఆట గడ్డి మీద. బంతికి ఆట ముందు సున్నం పూసేవాళ్ళట. ఆట లంగాలు ఎవరూ కొనిచ్చేవాళ్ళు కాదు, జట్టు మొత్తానికి ఎలీదానే కుట్టేది. రాజధానికి రైల్లో పోతూ ఒళ్ళో కర్ర పెట్టుకుని నిద్రపోయేది, ఎవరైనా ఎత్తుకుపోతారని. సముద్రం దాటి వెళ్ళిన ఊళ్ళ పేర్లు మరిచిపోయింది కానీ, ఎక్కడ గడ్డి మెత్తగా ఉండేదో, ఎక్కడ బంతి ఎగిరి ముక్కు పగలగొట్టేదో వేలితో గాలిలో గీసి చూపించేది.

పెనాల్టీ కార్నర్ వచ్చినప్పుడల్లా గోలు పక్కన చివరి గీత మీంచి బంతిని మైదానం లోపలికి తోసేది ఆమే. ఒకతె చేత్తో ఆపేది, ఇంకొకతె కొట్టేది. గోలు కొట్టినదాని పేరు మీద పడేది. గోడ మీదున్న పాత పేపరు బొమ్మలో జట్టంతా ఎగురుతోంది, ఎలీదాది మాత్రం ఒక మూల బూటొక్కటే.

"ఇంతేనా దోన్యా మీరు?" అని యానీనా ఒకసారి నవ్వింది.

"ఇంతే. తోసేదాని కాలు ఒకటి గీత బయటే ఉండాలి, అది రూలు. బయట ఒకతి నిలబడకపోతే లోపల ఆటే లేదే, పిచ్చిదానా."

మోకాలు పోయాక ఇంటికొచ్చేసింది. బడిపిల్లలకి లంగాలు కుట్టి బతికింది. పెళ్ళి మాటెత్తితే, ఆ రోజు మ్యాచ్ ఉంది అనేది.

సాయంత్రం బస్సు దిగి యానీనా చెప్పాల్సిన మాట నోట్లో తిప్పుకుంటూ వచ్చింది. దూరం నుంచే ఎలీదా కనబడింది, గోడకి చేరగిలబడి. ఈసారి పీట గుమ్మంలో లేదు, వీధిలో ఉంది. రెండు కాళ్ళూ బయటే.

గుమ్మానికి అడ్డంగా రెండు కుర్చీలు పడుకోబెట్టి, వాటి కాళ్ళలోంచి హాకీ కర్ర దూర్చి, లంగా నాడాతో గట్టిగా బిగించి ఉంది. లోపల మోరా ఆ కర్ర పట్టుకుని నిలబడి, పిడికి చుట్టిన గుడ్డని చప్పరిస్తోంది. పక్కన ఖాళీ పాలసీసా. యానీనా దోన్యా అని పిలిచింది. చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. ఒళ్ళో నుసి పేరుకుని ఉంది, దులుపుకున్న గుర్తే లేదు.

ప్రాణం మీదికొచ్చిందని తెలిసి, ఎవరి కంటైనా పడాలనే బయట కూర్చుంది. కళ్ళబడింది కూడా. రొట్టెలవాడు చూశాడట, ఎదురింటావిడా చూసిందట. మధ్యాహ్నం కునుకు తీసేవాళ్ళని లేపడం మా ఊళ్ళో పాపం కింద లెక్క. నిద్రపోతోందనుకుని చప్పుడు కాకుండా దాటిపోయారు.

కర్ర ఇప్పుడు యానీనా గుమ్మానికి అడ్డంగా ఉంది, పిడి మీద నాలుగు చిన్న పంటిగాట్లతో. మీ వీధిలో కూడా ఎవరో ఒక పెద్దామె గుమ్మం ముందు కళ్ళు మూసుకుని కూర్చుని ఉంటుంది. నిద్ర చెడితే చెడనీ, తిడితే తిట్టనీ. ఒకసారి దగ్గరికెళ్ళి పేరు పెట్టి పిలవండి.