హాల్లో మనిషుండగా

హాలు కూలుతుంటే మిల్లు మేనేజరు రోడ్డు మీద కుర్చీ వేయించుకుని చూశాడు. లోపల ఎవరో అరుస్తున్నారని డ్రైవరు బుల్‌డోజరు ఆపితే, కానివ్వమన్నాడు. ఎదురింటివాళ్లంతా విన్నారు.

మిల్లు కార్మికులకున్న సుఖమల్లా ఆ హాలే. రెండు క్యారమ్ బల్లలు, ఒక వాలీబాల్ వల, ఆడవాళ్లు కాళ్లు చాపుకుని కడుపారా నవ్వుకునే ఒక మూల. అది మూసి గోడౌను కడతానన్నాడు యజమాని. ఒంట్లో సత్తువంతా పిండుకున్నది చాలక, పనయ్యాక మిగిలే ఆ కాస్త ఊపిరి కూడా వాడికే కావాలి!

మీటింగులో పెద్దలు అర్జీ పెడదామన్నారు, కుర్రాళ్లు రాళ్లు పట్టుకుందామన్నారు. నూలు వడికే ఒకావిడ లేచి, మనుషులుంటే గోడ మీద చెయ్యి వెయ్యరు, హాలు ఖాళీగా వదలొద్దు అంది. ఆ మాటే ఖాయమైంది. వంతులవారీగా కూర్చున్నారు. ఆవిడ మామగారైతే మకాం అక్కడికే మార్చేశాడు. మిల్లు యంత్రంలో రెండు కాళ్లూ పోగొట్టుకున్న ఆయన్ని అందరూ క్యారమ్స్ తాత అంటారు. ఆటలో తొండి చేయడంలో ఆయన్ని మించినవాడు లేడు.

ఒక మధ్యాహ్నం షిఫ్టు వేళ కాకుండానే సైరన్ మోగింది. సైరన్ వింటే వాళ్ల కాళ్లు బుర్రనడగవు. గేటు మూసేస్తారన్న భయం ఎముకల్లో ఇంకిపోయింది. అందరూ లేచి పరిగెత్తారు. కోడలు కూడా “ఇప్పుడే వస్తా మావయ్యా” అంటూ పరిగెత్తింది. తీరా వెళ్తే గేటుకి తాళం. మోసం అర్థమయ్యేలోపే వెనకనుంచి హాలు గోడ కూలిన చప్పుడు వినిపించింది.

పాత గోడ దానంతటదే పడిందని ఒప్పుకుంటేనే తాత శవాన్ని ఇస్తానన్నాడు ఇన్‌స్పెక్టరు. జనంలో కొందరు ఒప్పుకోమన్నారు. ఆవిడ మొగుడు ఏడుస్తూ బతిమాలాడు.

“ఒక్క మాటేగా. నాన్నని మార్చురీలో కుళ్లబెడతామా?”

“ఒకసారి వదిలేసి పరిగెత్తాను. మళ్లీ పరిగెత్తమంటావా?” అందావిడ. ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. “శవాన్ని మీరే ఉంచుకోండి సార్. గోడ ఎవరు కూల్చారో మీ నోటితో చెప్పిన రోజున వచ్చి తీసుకెళ్తాం.”

జుట్టు పట్టుకుని ఆమెను వ్యానులోకి విసిరారు. మొగుడు కళ్లు తుడుచుకుని తనే ఎక్కి ఆమె పక్కన కూర్చున్నాడు. అర్జీ పెడదామన్న పెద్దలు ఎక్కారు. కుర్రాళ్లు ఎక్కారు. చోటు చాలక ఆడవాళ్లు మెట్ల మీద వేలాడారు. దిగండని ఇన్‌స్పెక్టరు లాఠీతో బాదాడు.

ఒక్కరూ దిగలేదు.