పాంకరా చెవులు

నేను తింటున్నది పాంకరానేనని మూడో చెంచా దాకా నాకు తెలియదు.

ఓరురో పట్నంలో మా అమ్మాయి రూఫీనా కాన్పుకని వెళ్లి నెల్లాళ్లుండి, ఆ సాయంత్రమే లారీ దిగి, రెండు కోసులు నడిచి ఇంటికొచ్చాను. మా ఆయన ఎలియోదోరో అడక్కుండానే గిన్నె నిండా వేడి చారు పోసి చేతికిచ్చాడు. పంతొమ్మిదేళ్ల కాపురంలో ఆయన నాకు వడ్డించడం అదే మొదలు. అప్పుడే అనుమానం రావలసింది. కానీ కాళ్లు లాగుతున్నాయి, ఆకలి దంచేస్తోంది, చారులో మాంసం ముక్కలున్నాయి.

"దొడ్లో అన్నీ బాగున్నాయా? పాంకరా ఏది, గుమ్మం దగ్గర కనబడలేదు?" అన్నాను.

"నీ కడుపులోనే ఉంది కదే!" అన్నాడు.

పక్కన కూర్చున్న వాళ్లక్క నికొలాసా పడీ పడీ నవ్వింది.

పాంకరా నా పెళ్లినాడు మా అమ్మ తాడుతో సహా నా చేతిలో పెట్టిన ఆడ లామా, ఉన్నికీ మోతకూ మా కొండల్లో పెంచుకునే జంతువు. అప్పటికింకా పాలు మరవని పిల్ల. ఇవాళ నావి అని చెప్పుకునే జంతువులన్నీ దాని కడుపున పుట్టినవీ, దాని కూతుళ్ల కడుపున పుట్టినవీ. మాలో మొగుడివి మొగుడివే, పెళ్లానివి పెళ్లానివే. ఒకే దొడ్లో పడుకున్నా చెవులకు కట్టే ఉన్ని కుచ్చులు వేరు. నావి ఎరుపు, ఆయనవి ఆకుపచ్చ. తల్లి ఎవరిదైతే పిల్ల వాళ్లది. నాకు ఆడవి పదకొండు, ఆయనకు ఇరవై ఆరు.

కొత్త సంవత్సరం రోజున ఆయన ఊరిపెద్ద అయ్యాడు. ఊరిపెద్ద అయినవాడు ఊరికి భోజనం పెట్టాలి. ఇరవై ఆరింటినీ దాచుకుని నా పాంకరాను కోశాడు.

"అది ముసలిదే. పళ్లు కూడా లేవు. నావన్నీ చూలివీ, పాలిచ్చేవీ. ఏం చెయ్యమంటావు మరి?"

"నాలుగు రోజులు ఆగితే నేనే వద్దును కదయ్యా."

"నీ కోసం ఊరంతా పస్తుండాలా?"

"నోట్లో కోకా ఆకులు పెట్టావా? తల తూర్పుకు తిప్పావా?"

"జనం పళ్లేలు పట్టుకుని కూర్చుంటే అంత తీరికెక్కడిది!"

మేం కూడా ముసలి జంతువులను కోసుకుంటాం. నేనేమీ దేవకన్యను కాను. కానీ సొంతదారే కోయాలి. నోట్లో కోకా పెట్టి, చెవిలో దాని పేరు చెప్పి, వెళ్లి మళ్లీ నా దొడ్లోకే రా అని పంపాలి. పాంకరాకు ఆ మాట చెప్పినవాళ్లు లేరు. పైగా ఊరిపెద్దరికం మొగుడూ పెళ్లాలు కలిసి తీసుకునే పదవి. నేను లేను కదా అని నికొలాసా నా నల్ల శాలువా కప్పుకుని నా స్థానంలో నిలబడి ప్రమాణం చేసిందట.

గిన్నె కడిగి బోర్లించాను. ఇంటి వెనక గోడ మీద తోలు ఆరేసి ఉంది. పోయిన కార్నివాల్‌కు నేను కట్టిన ఎర్ర కుచ్చులు చెవులకు అలాగే ఉన్నాయి. రెండు చెవులూ కోసి, ఉప్పు రాసి ఎండబెట్టి, మేం నమిలే కోకా ఆకులుంచుకునే నా సంచీలో అడుగున దాచాను. ఆ రోజే అనుకున్నాను, వీడి చేత ఇవి లెక్కపెట్టించాలని.

తెల్లారాక ఆయన పదవికి గుర్తుగా ఇచ్చిన చేతికర్ర పట్టుకుని బయల్దేరాడు. ఊరిపెద్ద ఏడాదంతా కొండపల్లెలన్నీ తిరగాలి. "నువ్వూ రావాలే" అన్నాడు.

"ప్రమాణం చేసింది మీ అక్క. ఆవిడే తిరుగుతుంది. వానలు పడ్డాయి, ఆడవాటిని పోతుకు చూపించే రోజులు. ఇద్దరం పోతే మందనెవరు చూస్తారు?"

ఆయనకు నా మాట బాగా నచ్చింది. "నా ఇరవై ఆరింటికీ ఒక్కటి కూడా తప్పకూడదు. వచ్చే ఏడాది కార్నివాల్‌కు బ్యాండు మేళం పెట్టి చెవుల పండగ చేస్తాను" అన్నాడు.

"అలాగే చేద్దువుగానీ" అన్నాను.

మా విత్తనపు పోతు పేరు మల్కు. నల్లది, మెడ మాత్రం తెలుపు. అచ్చం దానిలాంటిదే నాది ఇంకోటి ఉంది, జనరల్. ఒకే తండ్రి బిడ్డలు. జనరల్‌కు విత్తులు తీయించేశాం, బరువులు మోయడానికి. కాకపోతే ఆలస్యంగా తీయించడం వల్ల దానికి సరదా చావలేదు. ఆడది కూర్చుంటే చాలు, పైకెక్కి అరగంట గుర్రుగుర్రుమంటూనే ఉంటుంది. మా ఆయనకు జంతువుల మొహాలు తెలియవు. చెవి చూసి ఇది నాది, అది నీది అంటాడు. నేను మల్కు చెవుల ఆకుపచ్చ కుచ్చులు విప్పి జనరల్‌కు కట్టాను. జనరల్‌వి మల్కుకు కట్టాను. అంతే నేను చేసింది. నా పదకొండింటికీ మల్కు, ఆయన ఇరవై ఆరింటికీ జనరల్.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన ఇంటికొచ్చేసరికి రాతిగోడల మధ్య జనరల్ పనిలో ఉంది. గోడ మీద మోచేతులు ఆనించి చూసి మురిసిపోయాడు.

"చూడవే, నా మల్కు ఎలా పాడుతున్నాడో! మగాడంటే వాడు!"

"అవునవును. నీ అంతటివాడు" అన్నాను.

నవ్వు ఆపుకోవడానికి నేను పొయ్యి దగ్గరికి వెళ్లి చాలాసేపు ఊదాల్సి వచ్చింది.

పదిహేను రోజులకు మళ్లీ పోతును తెచ్చి చూపించాలి. చూలు నిలిచిన ఆడది దాన్ని దగ్గరికి రానివ్వదు, మొహం మీద ఉమ్మి పారిపోతుంది. నిలవనిది బుద్ధిగా కూర్చుంటుంది. నా పదకొండూ ఉమ్మాయి. ఆయనవి ఇరవై ఆరూ కూర్చున్నాయి.

"ఉమ్మాయా?" అని అడిగాడు వచ్చినప్పుడు.

"ఉమ్మాయి. నా మీద కూడా పడింది."

ఆ మాట ఆయన పల్లెపల్లెకూ మోశాడు. కనబడినవాణ్ణల్లా పండక్కి పిలిచాడు. నవంబరులో మందలోకొచ్చి అటూ ఇటూ తిరిగి, "ఏవే, పొట్టలు కనబడవేం?" అన్నాడు. "ఉన్ని ఒత్తుగా ఉంది కదయ్యా. పిల్లలు కడుపులోనే ఉన్నాయి" అన్నాను. నా నోటికి ఆ మాట ఎంత తీపిగా ఉందో చెప్పలేను.

కొత్త సంవత్సరానికి కర్ర ఇంకొకరికి అప్పగించి ఇంటికొచ్చాడు. నావి ఒక్కొక్కటే ఈనుతున్నాయి. ఆయన రోజూ పొద్దున్నే లేచి దొడ్లోకి పరిగెత్తేవాడు, మొహం వేలాడేసుకుని వచ్చేవాడు. నేను చూస్తూ కూర్చునేదాన్ని. అబద్ధమెందుకు, ఆ పొద్దులు నాకు పండగలాగే ఉండేవి. ఒక్కటే గుచ్చుకునేది. ఆయనవాటిలో ఒక గోధుమరంగు ఆడది నా పిల్లల వెనకాలే తిరిగి, వాసన చూసి, తల్లులు తరిమితే దూరంగా నిలబడేది. దాని కళ్లలోకి మాత్రం చూడలేకపోయాను.

కార్నివాల్‌కు రెండు రోజుల ముందు ఆయన నా పక్కన చేరాడు.

"పండగ మానేద్దామే."

"పిలిచినవాళ్లని రావద్దంటామా?"

"పోనీ నీవాటిలో మూడింటికి ఆకుపచ్చ కట్టు. ఊళ్లో తలెత్తుకోవాలి కదే. నీ కాళ్లు పట్టుకుంటాను."

"చూద్దాంలే" అన్నాను.

పండగనాడు బ్యాండు వచ్చింది, ఏడు పల్లెల జనం వచ్చారు. దొడ్డి మధ్య గొంగళి పరిచి, మా ఇద్దరి ముందు చెరొక పళ్లెం పెట్టారు. ఎవరి పిల్ల చెవి అంచు కోసిన ముక్క వాళ్ల పళ్లెంలో పడాలి. చివర్లో అందరి ఎదుటా లెక్కపెట్టి, దొడ్డిలోనే పాతాలి. ఒక్కొక్క పిల్లనూ పట్టుకొచ్చారు. ఎరుపు. ఎరుపు. మళ్లీ ఎరుపు. పదకొండూ అయిపోయాయి. డోలువాడు తరవాతి పిల్ల కోసం కర్ర ఎత్తి అలాగే ఉండిపోయాడు.

"ఊరిపెద్దగారివి ఎక్కడ?" అన్నారెవరో. వెనకనించి ఒకడు కిసుక్కున నవ్వాడు.

ఎలియోదోరో నా వైపు చూశాడు. నేను సంచీలో చెయ్యి పెట్టి, ఎండిపోయిన రెండు చెవులు తీసి ఆయన పళ్లెంలో వేశాను. ఎర్ర కుచ్చులు వెలిసిపోయాయి కానీ ముడి నాదే.

"లెక్కపెట్టు" అన్నాను.

ఒక చెవి తీసి కుచ్చు ముడి తిప్పి చూశాడు. "పాంకరా..." అన్నాడు.

"గుర్తుపట్టావే. ఏడాది పట్టింది. నీ మల్కును మాత్రం ఇంకా గుర్తుపట్టలేదు. అదిగో, ఎర్ర కుచ్చులతో నిలబడ్డదే నీ మగాడు. నీ ఇరవై ఆరింటికీ చూపించింది జనరల్‌ని."

జనం గొల్లుమన్నారు. నికొలాసా లేచి, "ఒక్క ముసలి గొడ్డు కోసం ఇంత పని చేస్తావటే, నీ ఇంటికే చేటు కదే!" అని అరిచింది.

"నా శాలువా విప్పి మాట్లాడు వదినా" అన్నాను. విప్పి గొంగళి మీద పెట్టింది.

ఎలియోదోరో పార తెచ్చి తనే గుంట తవ్వాడు. నేను కోకా ఆకులు మూడు ఏరి ఇచ్చాను. రెండు చెవులనూ తూర్పుకు తిప్పి పెట్టి, ఆకులు వేసి, వంగి దాని పేరు చెప్పాడు. "ఇంకా గట్టిగా" అన్నాను. మళ్లీ చెప్పాడు. బ్యాండువాళ్లు కూడా టోపీలు తీశారు.

మర్నాడు కుచ్చులు మార్చి ఎవరివి వాళ్లకు కట్టేశాను. మల్కును ఆయన ఆడవాటి దగ్గరికి తోలాను, గోధుమరంగు దానికే మొదట. తాడు ఆయన చేత పట్టించాను. ఒక్కొక్కదాని పేరూ అడిగి, తప్పు చెబితే మళ్లీ అడిగి చెప్పించాను.

నా కోపం తీరిందా అంటే, తీరలేదు. ఆ సాయంత్రం చారు కాచి గిన్నె ఆయన ముందు పెట్టాను. చెంచా ముంచబోయి ఆగాడు.

"ఇందులో మాంసం ఎవరిది?" అన్నాడు నెమ్మదిగా.

చెప్పాను. అప్పుడు తిన్నాడు. ఆ రోజు నుంచీ ప్రతి పూటా అడుగుతున్నాడు. ఒక్కో పూట నేను జవాబు చెప్పడానికి కాస్త ఆలస్యం చేస్తాను.