గానుగ అంగడిలో మన మాట

జయలక్ష్మమ్మకు మాట్లాడేందుకు ఒక మనిషి కావాలి. నగలు అక్కర్లేదు, తీర్థయాత్రలు అక్కర్లేదు. తెలుగులో తీరిగ్గా మాట్లాడే మనిషి ఒక్కరుంటే చాలు. పుదుచ్చేరి రెడ్డియార్‌పాళయంలో మేడ మీద కాపురం, కింద గానుగలు, ముందర అంగడి, వెనక ప్యాకింగ్ షెడ్డు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనమే జనం. అంత జనంలోనూ ఆమెకు దొరకనిది అదొక్కటే.

అరవం రాక కాదు. పుట్టి పెరిగింది ఈ గడ్డ మీదే. పాలవాడితో, బస్సు కండక్టరుతో పోట్లాడి గెలిచేటంత అరవం ఆమెకు వచ్చు. కానీ పోట్లాడే భాష వేరు, కాళ్లు చాపుకుని చెప్పుకునే భాష వేరు. ఆమెది తరతరాలుగా నోటి నుంచి నోటికి వచ్చిన తెలుగు. చదవడం రాదు గనక పుస్తకం తోడూ లేదు. టీవీలో తెలుగు సీరియల్ పెట్టుకుంటే, అది చెప్పడమే కానీ మనం చెప్పేది వినదు.

ఆ తోడు ఒకప్పుడు ఉండేది. తోటికోడలు లీలమ్మ. జయలక్ష్మమ్మకు పిల్లలు లేరు, భర్త చిన్నవయసులోనే పోయాడు. అయినా లీలమ్మ ఉన్నన్నాళ్లూ ఆ లోటు ఆమెకు పెద్దగా తెలియలేదు. ఇద్దరూ తక్కెడ పక్కన బల్ల మీద కూర్చుని, నువ్వులు చెరిగేవాళ్లనూ నూనెకు వచ్చేవాళ్లనూ చూస్తూ లోకాన్నంతా ఉతికి ఆరేసేవాళ్లు. ఎవరి గురించి మాట్లాడుతున్నారో వాళ్ల ఎదురుగానే. వాళ్లకు తెలుగు రాదు కదా, ఇంకేం భయం. పనివాళ్లకు తలా ఒక పేరు పెట్టారు. ఒకడు ఒంటెద్దు, ఒకతె గిలకబావి.

అన్నిటికన్నా వల్లి మీద వేసిన మాట వాళ్లకు ప్రీతి. వల్లి మొగుడు తిరుప్పూరుకు పనికని పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టాడు. ఆ తర్వాతే ఆమె ఈ అంగడిలో పనికి చేరింది. చేరిన కొత్తలో, తల వంచుకుని నువ్వులు చెరుగుతున్న ఆ పిల్లను చూసి జయలక్ష్మమ్మ, "ఈ మొగాన్ని దినామూ చూసేదానికన్నా తిరుప్పూరే మేలని పోయినాడేమో పాపం" అంది. లీలమ్మకు నవ్వి నవ్వి పొలమారింది. ఆ మాటను తర్వాత ఎన్నేళ్లు చెప్పుకుని నవ్వుకున్నారో. దుర్మార్గులు అనలేం. వల్లి కూతురికి జ్వరమొస్తే కదిర్కామం ఆసుపత్రికి తోడు వెళ్లిందీ ఈ జయలక్ష్మమ్మే. నోటికి గడియ లేదు, అంతే.

లీలమ్మ పోయాక ఆమె కొడుకు కేశవ్ వ్యాపారం చేతిలోకి తీసుకున్నాడు. గానుగ నూనెకు మళ్లీ మంచికాలం వచ్చింది. ఒక గానుగ నాలుగయింది, చెన్నైకీ బెంగళూరుకీ సీసాలు పోతున్నాయి, ఎప్పుడూ ఐదారుగురు దాటని పనివాళ్లు షెడ్డు నిండా అయ్యారు. గానుగల దగ్గరికి చుట్టాల కుర్రాళ్లు వచ్చారు, వాళ్లదీ తెలుగే గానీ వాళ్లలో వాళ్లు నవ్వుకోవడమే తప్ప పెద్దమ్మ పక్కన కూర్చునే తీరిక ఎవరికీ లేదు. కానీ కొత్తగా చేరినవాళ్లెవరూ నిలవడం లేదు. పని నేర్చుకోవడం, వెళ్లిపోవడం. కేశవ్ భార్య అభినయ అరవం పిల్ల, పెళ్లికి ముందు చెన్నైలో ఒక కంపెనీలో సిబ్బంది బాగోగులు చూసే ఉద్యోగం చేసింది. ఆ పిల్ల ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఎందుకని అడిగింది. అందరూ నీళ్లు నమిలారు. వీరాంపట్టినం నుంచి వచ్చే కయల్విళి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"గానుగ దగ్గరా తూకం దగ్గరా మీ చుట్టాలే. మాకు మూటలూ చీపురూ. అది కూడా పోనీలే అనుకోవచ్చు. మీ ఇంటివాళ్లు వాళ్ల భాషలో మాట్లాడుకుని నవ్వుతారు. మమ్మల్ని చూసి నవ్వుతున్నారో, ఇంట్లో కూర గురించి నవ్వుతున్నారో మాకెట్లా తెలుస్తుంది?"

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర అభినయ అదే సంగతి ఎత్తింది. ఇకనుంచి గుంపులుగా పని, ప్రతి గుంపులో ఇంటివాళ్లూ బయటివాళ్లూ కలిసే ఉండాలి, గానుగ పని అందరికీ నేర్పాలి, అన్నం అందరూ ఒక్కచోటే తినాలి. ఆఖర్న కాస్త తటపటాయించి, అంగట్లో అందరికీ అర్థమయ్యే మాటే మాట్లాడాలి అంది. కేశవ్ తలెత్తి పెద్దమ్మ వైపు చూశాడు.

"నన్నేంది చూస్తావురా, న్యాయమే కదా" అంది జయలక్ష్మమ్మ. "మన యెదురుగా ఎవురన్నా తెలియని బాసలో నవ్వితే మనమూరుకుంటామా?"

అన్నంత సులువు కాలేదు. ఆమెను ప్యాకింగ్ బల్ల దగ్గర కయల్విళితో, వల్లితో కలిపి వేశారు. వల్లి సీసా నింపితే జయలక్ష్మమ్మ మూత బిగిస్తుంది, కయల్విళి లేబులు అంటిస్తుంది. మంచి జరగలేదని చెప్పను. కయల్విళి తెచ్చే చేపల పులుసుకు ఆమె రుచి మరిగింది. మానేసి వెళ్లినవాళ్లలో ఒకతె తిరిగొచ్చింది. గుంపుగా పని చేయడమంటే ఏమిటో చూడమని అభినయ కొత్తవాళ్లను ఈ బల్ల దగ్గరికే తీసుకొచ్చేది. అన్నీ బాగానే ఉన్నాయి. జయలక్ష్మమ్మకే, దినమంతా ఎవరింట్లోనో చుట్టపుచూపుగా ఉన్నట్టుండేది. కేశవ్ రాత్రి అన్నానికి పైకొచ్చి "తిన్నావా పెద్దమ్మా?" అంటాడు. "తిన్నా" అంటుంది. ఆ రోజుకు తెలుగు అంతే. అభినయా పిల్లలూ ఆమెతో ప్రేమగానే ఉంటారు, కానీ అరవంలో.

ఆడిమాసంలో వల్లి తల్లి కాళియమ్మకు జబ్బు చేసింది. గుంపులో ఎవరింట్లోనైనా జబ్బు చేస్తే ఇంకొకరు వెళ్లి చూసి రావాలనేది అభినయ పెట్టిన కొత్త పద్ధతి. జయలక్ష్మమ్మ ఒక నువ్వులనూనె సీసా, అరటిపళ్లు సంచిలో వేసుకుని బయల్దేరింది. ఇన్నేళ్లలో ఆ ఇల్లు చూడ్డం అదే మొదలు. మూతబడిన నూలు మిల్లు వెనక సందులో, రేకుల ఇల్లు. వల్లి మాత్రలు తేవడానికి వెళ్లిందని పక్కింటామె చెప్పింది. జయలక్ష్మమ్మ చెప్పులు విప్పి గడప దాటింది.

లోపల చాప మీద పడుకున్న ముసలామె చేయి అడ్డం పెట్టుకుని చూసింది. "ఎవురది? ఆ తలుపు దగ్గిరికెయ్యమ్మా, ఎండ కండ్లలో పడతా ఉండాది."

జయలక్ష్మమ్మ ఉన్నచోటే నిలబడిపోయింది. అది తెలుగు. తలుపు దగ్గరగా వేసి, చాప పక్కన చతికిలబడి, "నేను గానుగ అంగడి నుంచి వచ్చినా. ఎట్లుండాది నీకు?" అంది. లీలమ్మ పోయాక ఆ గొంతు అంత మెత్తగా పలకడం అదే మొదటిసారి.

ముసలామె మోచేతి మీద లేచింది. "ఇదేంది, నీది మన మాటే కదమ్మా."

ఇంక ఆపేదెవరు. మా తాతలు చిత్తూరు పక్క నుంచి వచ్చినారంటే మావోళ్లూ ఆ పక్కే అని, మిల్లులో మా ఆయన నూలు పని చేసినాడని, మోకాలి నొప్పికి ఏం రాస్తావని, ఇద్దరూ చిన్నప్పుడు విడిపోయిన వాళ్లలాగా మాట్లాడుకున్నారు. జయలక్ష్మమ్మకు కడుపు నిండిపోయింది. ఇంత దగ్గర్లో, ఇన్నేళ్లుగా, తన అంగడి పనిమనిషి ఇంట్లోనే ఈ మాట ఉందా అని ఆశ్చర్యపోయింది. ఆ సంతోషంలో తర్వాతి సంగతి ఆమెకు తట్టనే లేదు. కాళియమ్మ చెప్తేనే తట్టింది.

"మా వల్లి మీ అంగట్లో చేరిన మొదుటి దినం ఎగురుకుంటా వచ్చిందమ్మా. మొగుడు పోయినాక అది నవ్వింది అదే. 'అమా, ఆ అంగట్లో పెద్దమ్మోళ్లిద్దరూ మన మాటే మాట్లాడతారు, ఇంట్లో కూర్చున్నట్టే ఉండాది, నేనూ మీవోళ్లేనని రేపు చెప్తా' అనింది. మర్నాడొచ్చినాక చెప్పినావా అని అడిగితే, 'లేదుమా, వాళ్ల మాట వేరే, మనది కాదు' అనింది. నేనూ వేరే అనే అనుకుంటా ఉండా ఇన్ని దినాలు. దానికి చెవుల్లో ఏమయిందో ఏమో."

జయలక్ష్మమ్మ చేతిలో అరటిపండు సగం ఒలిచి ఉంది. ఆ మర్నాడు ఏమైందో ఆమెకు తెలుసు. బల్ల, తక్కెడ, తల వంచుకుని నువ్వులు చెరుగుతున్న పిల్ల, లీలమ్మకు పొలమారడం అన్నీ కళ్ల ముందు ఆడాయి. ఆ ఒక్కనాడే కాదు. ఆ మాటను తిరగేసి మరగేసి నవ్విన ప్రతిసారీ వల్లి అక్కడే ఉంది. తోడు లేదని ఏడుస్తూ కూర్చుంది తను. తోడవ్వాలని వచ్చిన పిల్లను నోరు తెరవకముందే తరిమింది కూడా తనే.

అప్పుడే వల్లి మాత్రల పొట్లంతో వచ్చింది. తల్లి మొహం చూసింది, జయలక్ష్మమ్మ మొహం చూసింది. ఎవరూ చెప్పకుండానే అంతా తెలిసిపోయింది. వీధి చివరిదాకా సాగనంపడానికి వచ్చినప్పుడు జయలక్ష్మమ్మ నోరు విప్పింది. "వల్లీ, ఆ దినం నేననింది..."

"బస్సు వచ్చే వేళయింది పెరియమ్మా" అంది వల్లి, అరవంలో. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బావుండేది.

మర్నాడు బల్ల దగ్గర, కయల్విళి లేబుళ్ల కోసం లేచి వెళ్లినప్పుడు జయలక్ష్మమ్మ మళ్లీ మొదలుపెట్టింది, తెలుగులో, గొంతు తగ్గించి. వల్లి సీసా మీంచి చూపు తిప్పలేదు. "అంగట్లో అందరికీ తెలిసిన మాటే కదా పెరియమ్మా" అంది అరవంలో. అన్నది రూలే. కానీ జయలక్ష్మమ్మకు ఇంకోటి వినిపించింది. అన్నప్పుడు అందరి మధ్యా అన్నావు, ఇప్పుడెందుకు గుసగుసలు అని.

ఆ మధ్యాహ్నం షెడ్డులో అందరూ గిన్నెలు తెరిచారు. జయలక్ష్మమ్మ ముద్ద కలపలేదు. "ఒక మాట చెప్పాలి" అని అరవంలో మొదలుపెట్టి, వల్లిని చూసి తను అని, లీలమ్మతో కలిసి నవ్వుకున్న మాట ఉన్నదున్నట్టు చెప్పింది. తెలుగులో ఎన్నేళ్లుగానో నవ్వించిన మాట అది. అందరికీ తెలిసిన భాషలో చెప్తే ఒక్కరూ నవ్వలేదు. చెప్తున్న ఆమెకే అది నోట్లో రాయిలా తగిలింది. "వల్లికి మా మాట తెలుసు. మొదటి నుంచీ తెలుసు. తప్పు నాది" అంది. కయల్విళి నేరుగా జయలక్ష్మమ్మ కళ్లలోకి చూసి, మళ్లీ తన గిన్నెలోకి చూసుకుంది.

వల్లి మంచినీళ్ల చెంబు ఆమె వైపు జరిపింది. "అన్నం చల్లారిపోతోంది పెరియమ్మా, తినండి." అంతే. సాయంత్రం ఇంటికి వెళ్తూ, గుమ్మం దగ్గర ఆగి, "మా అమ్మ మిమ్మల్ని ఆదివారం రమ్మంది" అంది. అది కూడా అరవంలోనే.

జయలక్ష్మమ్మ వెళ్లింది. కాళియమ్మ ఎదురుచూస్తోంది. లేచి గోడకు ఆనుకుని కూర్చుంది, కబుర్లు చెప్పింది, మధ్యలో అలిసిపోయి కునుకు తీసింది. జయలక్ష్మమ్మ ఆమె మోకాలికి నూనె రాస్తూ కూర్చుంది. బయట కుళాయి దగ్గర వల్లి గిన్నెలు తోముతూ పక్కింటామెతో మాట్లాడుతోంది. తెలుగులో. ఆమె అన్ని మాటలు మాట్లాడగలదని, అంత గట్టిగా నవ్వగలదని జయలక్ష్మమ్మకు అప్పటిదాకా తెలియదు. అచ్చం లీలమ్మలాగే, సగం మాట చెప్పి తనే ముందు నవ్వేస్తోంది.

ఉండబట్టలేక లేచి గుమ్మం దాకా వచ్చింది. మాటలు ఆగిపోయాయి.

"ఏమైనా కావాలా పెరియమ్మా?" వల్లి అరవంలో అడిగింది.

ఏమేమో చెప్పాలని ఉంది. వాళ్ల మాటల మధ్యలో ఎక్కడ దూరాలో తెలియలేదు. "ఏమీ వద్దు" అని తనూ అరవంలోనే అని లోపలికి వచ్చి కూర్చుంది. కాసేపటికి బయట మాటలు మళ్లీ సాగాయి. కుళాయి నీళ్లు సరిగ్గా రావడం లేదని, కూతురు పరీక్ష బాగా రాసిందని. ప్రతి మాటా ఆమెకు అర్థమవుతోంది. చెవులు రిక్కించుకుని విన్నది. అందులో ఆమె గురించి ఒక్క మాటా లేదు.